సామేలు పైపు, కృపారాణి లిఫ్టు

లాలాపేటలో సామేలు దుకాణం ఎక్కడని అడిగితే ఎవరూ దారి చెప్పరు. "మెడల పైపేస్కొని పోతున్నోని ఎనక పో" అంటారు. అందులో అబద్ధమేమీ లేదు. జేసీబీ డ్రైవర్లు, టిప్పర్ల వాళ్ళు, చెత్తబండ్ల వాళ్ళు, అందరూ పాడైన నూనె పైపును కండువాలా మెడలో వేసుకుని, చొక్కా నిండా నూనె మరకలతో అక్కడికి చేరతారు. వచ్చినవాడు పైపును బల్ల మీద పడేసి ఒక్కటే మాట అంటాడు: "సేమ్ టు సేమ్." సామేలు దాన్ని సాగదీసి పొడవు చూస్తాడు. చివర్లలోని మరలను గోటితో తడుముతాడు. కొత్త పైపు కోసి, రెండు కొసలకీ ఇనుప టోపీలు తొడిగి, మిషన్లో పెట్టి నొక్కుతాడు. డ్రైవరు టీ తాగి వచ్చేసరికి పైపు తయారు.

అది ఏ బండిది, నూనె ఎటు నుంచి ఎటు పోతుంది, పాతది ఎందుకు పాడయింది అని మాత్రం అడిగేవాడు కాదు. "డాక్టరుకు చెప్పే ముచ్చట్లు మందుల దుకాణపోనికెందుకు?" అనేది అతని సిద్ధాంతం. రాణిగంజ్‌లో పని నేర్పిన ఉస్తాదు అలాగే నేర్పాడు, అతను అలాగే నేర్చుకున్నాడు. ఇప్పుడు వెళ్ళి చూడండి, వ్యవహారం తిరగబడింది. "ఏ బండి? పీల్చే పైపా, తోసే పైపా? పంపు ఎంత నూనె ఇస్తది? పంపు నోరెంత?" అని పోలీసులా నిలదీస్తాడు. పాత గిరాకీలు నెత్తి కొట్టుకుంటున్నారు. ఈ మార్పు ఎలా వచ్చిందో చెప్పాలంటే అతని మేనకోడలి సంగతి చెప్పాలి.

అంతకన్నా ముందు మనిషి గురించి రెండు మాటలు. సామేలుకు యాభై దాటాయి. మనిషి భారీ, గొంతు అంతకన్నా భారీ. ఆదివారం చర్చిలో అతను పాటందుకుంటే ముందు వరసలో పిల్లలు చెవులు మూసుకుంటారు. పాస్టరు మొహమాటపడి ఏమీ అనలేక, గాయక బృందంలో అతనికి తలుపు పక్కన చోటిచ్చాడు. సగం పాట వీధిలోకి పోతుందని ఆయన ఆశ. సామేలు మాత్రం గాలి బాగా వస్తుందని అక్కడ వేశారనుకుంటాడు. కోపం ముక్కు మీద ఉంటుంది, కానీ తుమ్మితే ఊడిపోయేంత కోపం. గర్వం ఒక్కటే: "నేను నొక్కిన పైపు ఇయ్యాల్టి దాంక ఊడలే."

ఇక మేనకోడలు కృపారాణి. అక్క కూతురు. అడిక్‌మెట్‌లో తల్లితో ఉంటూ యూనివర్సిటీలో చరిత్రలో పీహెచ్‌డీ చేస్తోంది. బస్తీలకు మంచినీళ్ళ నల్లాలు ఎప్పుడొచ్చాయి, ఎవరు కొట్లాడి తెచ్చుకున్నారు అనేది ఆమె పరిశోధన. చిన్నప్పుడు పోలియో వచ్చి కాళ్ళు చచ్చుబడ్డాయి గానీ, నోటికి మాత్రం ఏ లోటూ రాలేదు. చక్రాల కుర్చీలో కూర్చునే ఊరిని ఏలుతుంది. "మామది నూనె పైపు, నాది నీళ్ళ పైపు. తేడా ఏందంటే, నేను లోపల ఏం పోతదో అడుగుత" అని మేనమామను ఏడిపించడం ఆమెకు ఇష్టం.

ఒక ఆదివారం చర్చి అయ్యాక సామేలు ఇంట్లో అందరూ భోజనాలకు కూర్చున్నారు. సామేలు భార్య రాహేలు బోటికూర వడ్డిస్తోంది. వైవా గురువారం అని కృపారాణి చెప్పింది. అందరి ముందూ కూర్చుని తన పరిశోధనను నిలబెట్టుకునే పరీక్ష అది. అది గట్టెక్కితే డాక్టర్ కృపారాణి. రాహేలు అక్కడికక్కడే దండం పెట్టి ప్రార్థన చేయబోయింది.

"ఆగు అత్తా, దేవునికి ముందు లిఫ్టు సంగతి చెప్పు" అంది కృపారాణి.

వాళ్ళ డిపార్ట్‌మెంటు పాత రాతి కట్టడం. మెట్లు ఏనుగు ఎక్కేంత వెడల్పు, కానీ చక్రాల కుర్చీ ఎక్కదు. వైవా జరిగే హాలు పైన. ఆమె గొడవ చేయగా చేయగా ఒక మూల చిన్న లిఫ్టు పెట్టారు. నాలుగు గోడల పెట్టె కాదు, నడుము ఎత్తు గేటున్న ఒక బల్ల. కింద పంపు నూనెను తోస్తే బల్ల లేస్తుంది. లేచే మాట నిజమే గానీ, లేచేటప్పుడు అది వేసే కేకకు మూడు గదుల వాళ్ళు బయటికొస్తారు. ఒకరు అయ్యో అంటారు, ఒకరు జాగ్రత్తమ్మా అంటారు, కొత్త పిల్లలు ఫోన్లు తీస్తారు. పోయిన వారం అది సగంలో వణికి ఆగిపోయింది. నలుగురు అటెండర్లు కుర్చీతో సహా ఆమెను ఎత్తి కిందికి దించారు.

"దానిదేమున్నది బిడ్డా, గురువారం నేనొస్త. మేనమామను గద, నేనే ఎత్తుకపోత" అన్నాడు సామేలు.

"ఏంది, పెండ్లికూతుర్ని బుట్టల తెచ్చినట్టా?" అని కృపారాణి నవ్వింది. అందరూ నవ్వారు. తర్వాత ఆమె ఒక్కతే ఆపేసింది. "వద్దు మామా. నాకొక్కటే కావాలె. ఆ దినం నేను పైకి పోతుంటె ఎవ్వరు తిరిగి చూడొద్దు. అందరు ఎట్ల వస్తరో గట్ల వచ్చి కూసోవాలె. ఎవరన్న ఎత్తుకపోయిన్రనుకో, నేనేం చెప్పిన ఆళ్ళకు ఇనపడది. కుర్చీనే కనపడతది."

సామేలు ముద్దను పళ్ళెంలో పడేశాడు. ఆ లిఫ్టు పెట్టినవాణ్ణి, దాన్ని చూసుకునేవాణ్ణి, దానికి సామాన్లు అమ్మినవాణ్ణి వరసబెట్టి తిట్టాడు. తిట్టినవాళ్ళలో మూడోవాడు ఎవరో అతనికి మర్నాడు తెలిసింది.

సోమవారం పొద్దున నాగేంద్ర వచ్చాడు. యూనివర్సిటీలో మరమ్మతులు చూసే ఇంజనీరు. అనంతపురం వైపు మనిషి, తార్నాకలో కాపురం. అతను సామేలుకు పాత గిరాకీయే. మొదటిసారి ఒక పైపు తెచ్చాడు, చెరకు పిప్పిలా నొక్కుకుపోయి ఉంది. సామేలు సేమ్ టు సేమ్ చేసిచ్చాడు. అదీ నొక్కుకుపోయింది. రెండోసారి సామేలుకు రోషం వచ్చి, లోపల రెండు వరసల ఇనుప తీగ అల్లిన పైపు ఇచ్చి "ఏనుగు తొక్కినా నొక్కుకపోదు, పో" అన్నాడు. ఇప్పుడు ఆ ఇనుప తీగల పైపునే పట్టుకుని మళ్ళీ గుమ్మంలో నిలబడ్డాడు నాగేంద్ర.

"ఏమన్నా, నీ పైపు బాగానే ఉండాది. పంపే ఇంగా గట్టిగా అరుస్తాంది. దీని కంటే గట్టిది ఉంటే ఇయ్యి."

"గట్టిదా? దీనికంటె గట్టిదంటె ఫిరంగి గొట్టమే సారూ" అన్నాడు సామేలు. అయినా చెయ్యి అలవాటుగా పైపుల చుట్ట మీదికి పోయింది.

"ఏదో ఒకటి చెయ్యప్పా. గురువారం ఆ యమ్మికి వైవా ఉండాది. లిఫ్టులో పైకి పోవాల."

సామేలు చెయ్యి ఆగిపోయింది. దుకాణం పెట్టినప్పటి నుంచీ ఎవరినీ అడగని ప్రశ్న అడిగాడు. "సారూ, ఇది దేని పైపు?"

నాగేంద్ర చెప్పాడు. కృపారాణి లిఫ్టుదే. ఆమె కుర్చీని సగంలో ఆపేసిన పైపును రెండుసార్లూ నొక్కింది ఈ చేతులే. సామేలుకు తల కొట్టేసినట్టయింది. ఊరందరినీ తిట్టి తిట్టి చివరికి తన గుమ్మంలోకే వచ్చి పడ్డాడు. షట్టరు దించి నాగేంద్ర స్కూటరు ఎక్కాడు. ఆ బరువుకు స్కూటరు తార్నాక సిగ్నల్ దాకా మూలుగుతూనే ఉంది.

క్యాంపస్ గేటు లోపల ఎండ చెట్ల మీదే ఆగిపోయింది. లాలాపేటలో ఇన్నేళ్ళున్నా సామేలు అటు వెళ్ళింది తక్కువ. చదువుకునే చోట గొంతు తగ్గించాలనే భయం ఒకటి. డిపార్ట్‌మెంటు ముందు కృపారాణి టీ తాగుతోంది.

"మామా! నువ్వు దుకాణం బంద్ చేసి వచ్చినవంటె వానలు పడతయి" అంది.

"నవ్వకు. ఆ లిఫ్టు పైపు నాదే బిడ్డా."

ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. టీ కుర్చీ మీద ఒలికింది. సామేలు ముఖం చూసి, "సరే తియ్యి, తెలిసింది గద, ఇప్పుడు సూడు" అంది.

పైపును పంపుకు బిగించి మీట నొక్కారు. మొదట గరగర, తర్వాత కీచుమని కేక. డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు పంపు అదిరింది. గదుల్లోంచి తలలు బయటికొచ్చాయి. కృపారాణి చేతిలో కప్పు పట్టుకుని కళ్ళు మూసుకుని వింటోంది.

"మామా, గీ సప్పుడు నాకెరుకే. నల్లాకు మోటరు పెట్టినంక నీళ్ళు తగ్గితె అరుస్తది సూడు, గదే ఇది. మా బస్తీల ఒక ముసలమ్మ నాతోని ఏమన్నదో ఎర్కనా? మోటరు ఆకలికి ఏడుస్తున్నది బిడ్డా అన్నది."

సామేలు అరచేత్తో నుదుటి మీద ఒక్కటి వేసుకున్నాడు. ఆ దెబ్బకు నాగేంద్ర ఉలిక్కిపడ్డాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. సొంత ఇంటి సంపు మోటారుకు తనే పైపులు వేశాడు. సంపులోంచి పీల్చే పైపు లావు, మేడ మీదికి తోసే పైపు సన్నం. తోయడానికి ఇరుకైనా ఫరవాలేదు, మురుకుల గొట్టంలో పిండిని ఎంత చిన్న కంతలోంచైనా తోయొచ్చు. పీల్చాలంటే మాత్రం దారి వెడల్పుండాలి. ఇంట్లో తెలిసిన ఈ ముక్క దుకాణంలో ఎన్నడూ గుర్తు రాలేదు, ఎందుకంటే దుకాణంలో ఎన్నడూ పంపును చూడలేదు.

ఊడదీసిన పైపులో వేలు పెట్టి చూశాడు. బయట బొటనవేలి కంటే లావు, లోపల చిటికెన వేలు పట్టేంత సందు. పైపు నొక్కుకుపోయిందంటే నూనె చాలక పంపు దాన్ని పీల్చి చప్పరించేసింది. దారి పెంచాల్సింది పోయి, తను గోడ మందం పెంచాడు. మొదటి పైపైనా ముడుచుకుని తన బాధ చెప్పుకుంది. ఇనుప తీగలు వేసి దాని నోరు కూడా నొక్కేశాడు.

ఇంతలో నాగేంద్ర పంపు నోటి దగ్గర ఇంకో వింత కనిపెట్టాడు. అసలు పంపు నోరు ఒక అంగుళం. అందులో ఎవరో బుష్షు అనే ఇనుప రింగు ఒకటి బిగించి అరంగుళానికి కుదించారు. ఆ రోజు ఎవరి దగ్గరో పెద్ద పైపు దొరక్క చిన్నది తగిలించి ఉంటారు. దాన్ని చూసి తర్వాతివాడు, అతన్ని చూసి ఇంకొకడు. అచ్చం గొర్రెదాటు.

"మేం రాకముందే ఇట్లుండె అన్నా. నేను కూడా తీసి చూడలేదు. తప్పు నాదీ ఉండాది" అన్నాడు నాగేంద్ర. మంచి మనిషి. మెట్ల మీద కూర్చుని ఫోన్లో లెక్క వేశాడు. పంపు నిమిషానికి ఇరవై లీటర్లు తోడుతుంది. పీల్చే వైపు నూనె నింపాదిగా, సెకనుకు మీటరు మించకుండా నడవాలి. తోసే వైపు అంతకు అయిదింతలు పరిగెత్తినా తప్పులేదు. "పీల్చేదానికి ఒక అంగుళం, తోసేదానికి మూడు సూతులు చాలు." సూతు అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, దుకాణాల్లో అందరూ వాడే కొలత. సామేలు అంతకు ముందే బొటనవేలు చూపించి "పీల్చేది గింత ఉండాలె" అన్నాడు. వేలూ లెక్కా ఒక్కచోటికి వచ్చేసరికి ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఊపుకున్నారు.

మంగళవారం సామేలు ఒక అంగుళం పైపు చేసి తెచ్చాడు. పీల్చే పైపుల కోసమే తయారయ్యేది, లోపల తీగ చుట్టు ఉండి ముడుచుకోనిది. పంపు నోటిలో బుష్షు పీకి బిగించాడు. నూనె ట్యాంకు వైపు చూస్తే అక్కడి కంత అరంగుళమే. అక్కడ మళ్ళీ పాత బుద్ధి పుట్టింది. కంత ఎంతుంటే అంతకే, సేమ్ టు సేమ్! ఒక చిన్న బుష్షు వేసి తగిలించేశాడు. మీట నొక్కితే గులకరాళ్ళు కొంచెం తగ్గాయి, కేక తగ్గలేదు.

"ఏం మామా?" అంది కృపారాణి. ఈసారి ఏడిపించలేదు. ఆమె గొంతులో భయం సామేలుకు వినిపించింది. పైపు మీద చెయ్యి పెట్టి పంపు నుంచి ట్యాంకు దాకా మెల్లగా తడిమాడు. ట్యాంకు దగ్గర పైపు చేతి కింద అదిరింది.

"నా తెలివి తెల్లారినట్టే ఉన్నది. చెరువెంతుంటె ఏంది, కాలువెంతుంటె ఏంది, తూము గింతే పెట్టి! నాగేంద్ర సారూ, ట్యాంకు కోయాలె."

బుధవారం పొద్దున్నే నూనె దించారు. వెల్డింగ్ బాలరాజు లాలాపేట నుంచి సామాను ఆటోలో వేసుకొచ్చి, ఖాళీ చేసి కడిగిన ట్యాంకును ఆరుబయట పెట్టి పాత కంతను పెద్దది చేసి ఒక అంగుళం సాకెట్ అతికాడు. తర్వాత సామేలు భుజం దాకా చెయ్యి లోపల పెట్టి, ఉతికిన పాత లుంగీ గుడ్డతో తుడిచాడు. బాలరాజు పీచుదూది ఇవ్వబోతే కసురుకున్నాడు. "ఒక్క పోగు మిగిలితె పంపు నమిలి మింగుతది. నా బిడ్డ ఎక్కే లిఫ్టురా ఇది." తుడిచాడు, వేలు పెట్టి చూశాడు, మళ్ళీ తుడిచాడు. ట్యాంకులో ముఖం చూసుకోవచ్చని బాలరాజు అనేదాకా వదల్లేదు.

కొత్త నూనె పోశాక ముందు తామే ఎక్కాలని తీర్మానించారు. నాగేంద్ర, బాలరాజు, ఇసుక బస్తాలు రెండు. సామేలు ఎక్కబోతే ఇసుక బస్తాలు దించాల్సి వచ్చింది. మీట నొక్కారు. పంపు మజ్జిగ చిలికినట్టు మెత్తగా సవ్వడి చేసింది. అంతే. బల్ల లేస్తున్నట్టు కూడా తెలియలేదు. కింద నేల మాత్రం దూరమైంది. పైకి చేరాక సామేలు ఆనందం పట్టలేక స్తోత్రగీతం ఎత్తుకున్నాడు. రాతి గోడలు ప్రతిధ్వనించాయి. ఆ రోజు దాకా లిఫ్టు కేకకు మూడు గదుల వాళ్ళే వచ్చేవారు, సామేలు పాటకు మేడంతా బయటికొచ్చింది.

"మామా, లిఫ్టు మంచిగైంది. రేపు నువ్వు అరవకు, నీకు దండం పెడత!" అని కింది నుంచి అరిచింది కృపారాణి. అరుస్తూనే ఏడుస్తోంది, ఏడుస్తూనే నవ్వుతోంది.

గురువారం ఉదయం సామేలు గంజి పెట్టిన తెల్లచొక్కా వేసుకుని ఒక స్తంభం పక్కన నిలబడ్డాడు. రాహేలు రెండు సంచుల నిండా టిఫిన్ డబ్బాలు మోసుకొచ్చింది. పరీక్ష పెట్టేవాళ్ళకు పెడితే కాదనరని ఆమె లెక్క. కృపారాణి నీలం చీర కట్టుకుని, ఒళ్ళో కాగితాలు పెట్టుకుని వచ్చింది. వీళ్ళ వైపు ఒకసారి కళ్ళతోనే చూసి, కుర్చీని బల్ల మీదికి తిప్పుకుంది. తనే గేటు వేసుకుంది. తనే మీట నొక్కింది.

 సామేలు చెవులు రిక్కించాడు. గరగర లేదు, గులకరాళ్ళు లేవు. పని చెయ్యట్లేదా అని ఒక్క క్షణం అనుకున్నాడు. చూస్తే బల్ల అప్పటికే సగం పైకి వెళ్ళిపోయింది. పక్కనే స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ పేపర్లోంచి తల ఎత్తలేదు. మెట్ల మీద ఇద్దరు అమ్మాయిలు హాస్టల్ సాంబారును తిట్టుకుంటూ దిగుతున్నారు, ఆ తిట్లు ఆగలేదు. ఒక ప్రొఫెసరు ఫోన్లో మాట్లాడుతూ ఆమె పక్క నుంచే పోతూ, సహోద్యోగికి చెప్పినట్టు గుడ్‌మార్నింగ్ చెప్పి సాగిపోయాడు. ఏ గది తలుపూ తెరుచుకోలేదు. పైన గేటు తెరుచుకుని, కృపారాణి వెనక్కి చూడకుండా, కొంచెం ఆలస్యమైన మనిషిలా హాలు వైపు చక్రాలు తిప్పుకుంటూ వెళ్ళిపోయింది.

సామేలుకు కళ్ళు నిండిపోయాయి. పాట గొంతు దాకా వచ్చింది, పెదాలు గట్టిగా బిగించి మింగేశాడు.

పక్కన సంచిలో డబ్బాలు సర్దుకుంటున్న రాహేలు అప్పుడు తలెత్తింది. ఖాళీగా ఉన్న లిఫ్టు చోటు వైపు చూసి కంగారు పడింది.

"ఏమయ్యా, పిల్ల ఏది? ఎప్పుడెక్కతది?"

"ఎక్కింది."

"ఎక్కిందా! గీడనే ఉన్న గదా, నేను సూడనే లేదు!"

సామేలు ఆమె చేతిలోని రెండు సంచులూ అందుకుని, చంటిపిల్లాడిలా నవ్వుతూ మెట్ల వైపు నడిచాడు.